అడక్కముందే చెప్పాలా?

బ్లిస్ అనే ఆసామి చేతికర్ర పట్టుకుని తిరిగేవాడు. చూసేవాళ్లకు అది మామూలు చేతికర్రే. పిడి పట్టి లాగితే మాత్రం లోపల కత్తి. కెంటకీ రాష్ట్రం 1813లో ఒక చట్టం చేసింది. ప్రయాణంలో ఉన్నవాళ్లు తప్ప మరెవరూ జేబు పిస్తోలు గాని, బాకు గాని, పెద్ద కత్తి గాని, కర్రలో దాచిన కత్తి గాని పైకి కనబడకుండా పెట్టుకుని తిరగకూడదు. తిరిగితే 100 డాలర్లకు తక్కువ కాకుండా జరిమానా. బ్లిస్‌కు సరిగ్గా ఆ 100 డాలర్లూ పడ్డాయి. అతను పై కోర్టుకు వెళ్లాడు. ఆయుధం ధరించే హక్కు రాష్ట్ర రాజ్యాంగమే ఇచ్చింది కాబట్టి దాచుకోవద్దనే చట్టం చెల్లదని 1822లో కెంటకీ అప్పీళ్ల కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. రాష్ట్రం ఊరుకోలేదు. 1850లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు, దాచిన ఆయుధాలను నిషేధించే అధికారం శాసనసభకు ఉంటుందని అందులో చేర్చుకుంది.

తుపాకీ దాచుకున్న మనిషి ఆ సంగతి పోలీసుకు తనంతట తాను చెప్పాలా అన్న ప్రశ్న మీద అమెరికా రాష్ట్రాలు ముప్పై ఏళ్లుగా ఒక్కొక్కటీ ఒక్కో దారి పట్టాయి. అక్కడ తుపాకీ లైసెన్సులున్న వాళ్లు ఈ బాధ్యతను డ్యూటీ టు ఇన్ఫామ్ అంటారు. దాని చరిత్ర చెప్పాలంటే బ్లిస్ చేతికర్ర దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకంటే పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఈ ప్రశ్న పుట్టడానికి తావే లేదు. నడుముకు అందరికీ కనబడేట్టు పిస్తోలు కట్టుకుని తిరిగేవాణ్ణి దక్షిణాది న్యాయమూర్తులు నిజాయితీపరుడి కిందే లెక్కగట్టారు. కోటు కింద దాచుకున్నవాడు మాత్రం వాళ్ల దృష్టిలో మాటు వేసిన హంతకుడితో సమానం. జార్జియా సుప్రీంకోర్టు 1846లో నన్ కేసులో ఈ రెంటి మధ్యా గీత గీసింది. బాహాటంగా ధరించడాన్ని నిషేధించలేరు, దాచుకోవడాన్ని నిషేధించవచ్చు అంది. 1850లో లూయిసియానా సుప్రీంకోర్టు చాండ్లర్ కేసులో చెప్పిందీ దాదాపు ఇదే. దాచడమే నేరమైన చోట, దాచావో లేదో చెప్పమని అడిగే చట్టానికి అర్థం లేదు. దొంగను నువ్వు దొంగవో కాదో చెప్పమన్నట్టు ఉంటుంది. ముందు దాచడం చట్టబద్ధం కావాలి. అప్పుడే చెప్పడం బాధ్యత అవుతుంది.

నిషేధానికీ స్వేచ్ఛకూ నడిమి మార్గంగా లైసెన్సు వచ్చింది. న్యూయార్క్ 1911లో సలివన్ చట్టంతో చేతి తుపాకులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అంతకుముందే, 1893లో, ఫ్లోరిడా పిస్తోళ్లకూ రిపీటింగ్ రైఫిళ్లకూ లైసెన్సు పెట్టింది. ఆ లైసెన్సు ఎవరికి దక్కేది, ఎవరికి దక్కేది కాదు అన్నది దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. 1941లో వాట్సన్ కేసులో ఫ్లోరిడా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రివర్స్ బ్యూఫర్డ్ తన విడి అభిప్రాయంలో ఉన్నదున్నట్టు రాశాడు. ఆ చట్టం నల్లజాతి కూలీల చేతిలో ఆయుధాలు లేకుండా చేయడానికి తెచ్చిందనీ, తెల్లవాళ్లకు వర్తింపజేయాలని ఎవరూ అనుకోలేదనీ దాని సారాంశం. ఆ తర్వాత పదిహేనేళ్లకు, 1956 జనవరి 30 రాత్రి, అలబామాలోని మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. కుటుంబాన్ని కాపాడుకోవడానికి ఆయన తుపాకీ వెంట ఉంచుకునేందుకు లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరించారు. లైసెన్సు ఇవ్వడమా మానడమా అన్నది స్థానిక అధికారి ఇష్టాన్ని బట్టి ఉన్నంత కాలం దాచుకునే హక్కు కొందరిదే అయింది. ఈ సంగతి మనసులో ఉంచుకోకుండా తర్వాతి కథ చదివితే సగమే అర్థమవుతుంది.

ఇక పోలీసు వైపు చూద్దాం. 1963 అక్టోబరు 31 మధ్యాహ్నం, ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో, యూక్లిడ్ అవెన్యూ మీద మార్టిన్ మెక్‌ఫాడెన్ అనే డిటెక్టివ్ మఫ్టీలో గస్తీ తిరుగుతున్నాడు. పోలీసు ఉద్యోగంలో 39 ఏళ్ల అనుభవం. అందులో ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కలే జేబుదొంగల మీద, దుకాణాల్లో చేతివాటం చూపేవాళ్ల మీద కన్నేసి గడిపాడు. ఇద్దరు మనుషులు వంతులేసుకుని ఒక దుకాణం అద్దాల ముందు నుంచి నడిచి వెళ్లడం, లోపలికి తొంగిచూడడం, వెనక్కి వచ్చి మాట్లాడుకోవడం చూశాడు. ఇద్దరూ కలిసి పన్నెండు సార్ల దాకా తిరిగారు. మధ్యలో మూడోవాడు వచ్చి మాట్లాడి వెళ్లాడు. దోపిడీకి రెక్కీ చేస్తున్నారన్న అనుమానంతో మెక్‌ఫాడెన్ దగ్గరికి వెళ్లి, పోలీసునని చెప్పి, పేర్లడిగాడు. వాళ్లు ఏదో గొణిగారు. ఆయన జాన్ టెర్రీని గిర్రున తిప్పి, కోటు మీద చెయ్యేసి తడిమాడు. ఎడమ వైపు ఛాతీ జేబులో పిస్తోలు తగిలింది.

ఆ తడమడం సబబేనా అన్న వివాదం దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టెర్రీ తరఫున వాదించిన లూయిస్ స్టోక్స్ తర్వాత కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. 1968 జూన్ 10న 8-1 మెజారిటీతో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తీర్పు రాశాడు. ఎదుటివాడి దగ్గర ఆయుధం ఉందనీ, ప్రమాదం ఉందనీ నమ్మడానికి సహేతుకమైన కారణాలు కనిపిస్తే అరెస్టు చేయకుండానే పైపైన తడిమి చూడవచ్చని చెప్పాడు. జస్టిస్ డగ్లస్ ఒక్కడే విభేదించాడు. మెక్‌ఫాడెన్ పేరడిగాడే కాని తుపాకీ ఉందా అని అడగలేదన్నది ఇక్కడ గమనించాలి. ఆయుధం సంగతి ఆయనకు తెలిసింది చేతివేళ్ల ద్వారా. 1990ల చట్టాలు వచ్చేసరికి అదే సమాచారాన్ని పౌరుడి నోటి నుంచి రాబట్టాలన్న ఆలోచన వస్తుంది. చేతి నుంచి నోటికి జరిగిన ఈ మార్పు పైకి చిన్నదిగా కనబడుతుంది. రాజ్యాంగం దృష్టిలో మాత్రం చాలా పెద్దది. తడిమితే నాలుగో సవరణ కిందికి వస్తుంది, మాట్లాడిస్తే అయిదో సవరణ కిందికి వస్తుంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్నది అయిదో సవరణ.

ఆ సవరణకు సంబంధించిన కీలక తీర్పు కూడా అదే 1968లో, టెర్రీ తీర్పుకు నాలుగు నెలల పైచిలుకు ముందే వచ్చింది. జాతీయ తుపాకుల చట్టం ప్రకారం కొన్ని రకాల ఆయుధాలను, ముఖ్యంగా గొట్టం కోసి పొట్టి చేసిన షాట్‌గన్ లాంటివాటిని, ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. హేన్స్ అనే వ్యక్తి నమోదు చేయించలేదు. అతని మీద కేసు పెట్టారు. అతని వాదన తేలిగ్గా కొట్టిపారేయలేనిది. నమోదుకు వెళ్తే నేను చట్టం తప్పానని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. వెళ్లకపోతే నమోదు చేయనందుకు నేరం. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి అన్నాడు. జనవరి 29న సుప్రీంకోర్టు 7-1తో అతనితో ఏకీభవించింది. ఆ నమోదు బాధ్యత ప్రధానంగా పడేది అప్పటికే చట్టాన్ని ఉల్లంఘించిన వాళ్ల మీదే కాబట్టి అయిదో సవరణ హక్కును చెప్పుకుంటే వాళ్లను శిక్షించడానికి వీల్లేదని జస్టిస్ హార్లన్ రాశాడు. అదే ఏడాది కాంగ్రెస్ చట్టాన్ని దిద్దింది. నమోదు వివరాలను ఆ మనిషి మీద సాక్ష్యంగా వాడకుండా రక్షణ చేర్చడంతో 1971లో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది.

ఈ తర్కాన్ని రోడ్డు పక్కన ఆపిన కారు దగ్గరికి తెచ్చి చూడండి. జైలుకెళ్లి వచ్చి, తుపాకీ పట్టే అర్హత పోగొట్టుకున్న మనిషి జేబులో పిస్తోలు ఉందనుకుందాం. నీ దగ్గర తుపాకీ ఉంటే చెప్పు అని చట్టం అతన్ని శాసిస్తే, నేరం ఒప్పుకోమని శాసించినట్టే. హేన్స్ తీర్పు అడ్డొస్తుంది. లైసెన్సు ఉన్నవాడికి ఆ ఇబ్బంది లేదు. అతను చెప్పేది నేరం కాదు కాబట్టి చెప్పమని షరతు పెట్టవచ్చు. ప్రమాదం చేసిన డ్రైవరు ఆగి పేరూ చిరునామా ఇవ్వాలన్న కాలిఫోర్నియా చట్టాన్ని సుప్రీంకోర్టు 1971లో నిలబెట్టింది. అనుమానంతో ఆపినప్పుడు పేరు చెప్పాలన్న నెవాడా చట్టాన్ని 2004లో 5-4తో నిలబెట్టింది. కాబట్టి తెలియజేసే బాధ్యతను పెట్టిన రాష్ట్రాలు చాలావరకు దాన్ని లైసెన్సుకు ముడిపెట్టాయి. శాసనకర్తలందరూ హేన్స్ తీర్పు ముందు పెట్టుకుని రాశారని నేను అనను. ఫలితం మాత్రం అదే అయింది. ఎవరి వల్ల పోలీసుకు ఎక్కువ భయమో వాళ్ల నోరు తెరిపించలేని చట్టం ఇది. వేలిముద్రలిచ్చి, శిక్షణ తీసుకుని, పాత కేసులేవీ లేవని తేలిన మనిషి మీదే దాని భారమంతా పడుతుంది.

లైసెన్సు అందరికీ అందుబాటులోకి వచ్చింది 1987 తర్వాత. ఆ ఏడాది ఫ్లోరిడా చేసిన చట్టం, అర్హతలున్న దరఖాస్తుదారుకు లైసెన్సు ఇచ్చి తీరాలంది. అధికారి ఇష్టాయిష్టాలతో పని లేదు. షల్ ఇష్యూ అని పేరుపడిన ఈ పద్ధతి అంతకుముందు కొన్ని చోట్ల ఉన్నా, ఫ్లోరిడా తర్వాతే ఒక కెరటంలా దేశమంతా పాకింది.

ఆ కెరటంలో టెక్సాస్ కథ విషాదం నుంచి పుట్టింది. 1991 అక్టోబరు 16న కిల్లీన్ పట్టణంలో లూబీస్ అనే భోజనశాలలోకి ఒకడు ట్రక్కుతో అద్దాలు పగలగొట్టుకుని దూసుకొచ్చి కాల్పులు జరిపి 23 మందిని చంపాడు. సుజానా గ్రేషియా హప్ ఆ రోజు అక్కడే అమ్మానాన్నలతో కూర్చుని ఉంది. ఆ కాల్పుల్లో ఇద్దరూ పోయారు. ఆమెకు తుపాకీ ఉంది. వెంట దాచుకుని తిరగడం టెక్సాస్‌లో నేరం కాబట్టి కారులో వదిలి వచ్చింది. ఆ రాష్ట్రంలో పిస్తోలు వెంట పెట్టుకోవడం మీద 1871 నుంచి నిషేధం ఉంది. సుజానా ఊరూరా తిరిగి, శాసనసభల ముందు సాక్ష్యం చెప్పి, 1996లో తానే శాసనసభ్యురాలైంది. 1993లో ఈ విషయం మీద రెఫరెండం పెట్టాలన్న బిల్లును గవర్నర్ ఆన్ రిచర్డ్స్ వీటో చేసింది. మరుసటి ఏడాది ఆమెను ఓడించిన జార్జ్ డబ్ల్యూ. బుష్ 1995లో లైసెన్సు చట్టం మీద సంతకం పెట్టాడు. 1996 జనవరి 1 నుంచి అమలైంది.

పోలీసు సంఘాల భయాలు ఈ దశలో బాగా పనిచేశాయి. రాత్రిపూట ఒంటరిగా హైవే మీద కారు ఆపే అధికారికి ట్రాఫిక్ స్టాప్ ఎప్పుడూ గుండె దడే. పెన్సిల్వేనియా వర్సెస్ మిమ్స్ అన్న 1977 నాటి కేసు అలాంటిదే. గడువు తీరిన నంబరు ప్లేటు చూసి ఆపి, డ్రైవరును కిందికి దిగమంటే, జాకెట్టు కింద ఉబ్బెత్తుగా ఏదో కనిపించింది. తీస్తే రివాల్వరు. ఆపిన డ్రైవరును కిందికి దిగమనే అధికారం పోలీసుకుందని సుప్రీంకోర్టు అప్పుడు తేల్చింది. ఇక లక్షల మందికి లైసెన్సులు ఇస్తారంటే, ప్రతి జాకెట్టు కిందా ఒక ఉబ్బు ఉండవచ్చన్నమాట. లైసెన్సు ఇవ్వండి, కాని మా వాళ్లకు ముందే తెలిసేట్టు చూడండి అన్నది బేరం. చాలాచోట్ల ఆ బేరం కుదిరింది.

కుదిరిన తీరు మాత్రం రాష్ట్రానికో రకం. అసలు చరిత్ర అంతా ఆ మాటల తేడాల్లోనే ఉంది. టెక్సాస్ చట్టం నోటితో చెప్పమనలేదు. తుపాకీ వెంట ఉన్న లైసెన్సుదారును అధికారి గుర్తింపు కార్డు అడిగితే, డ్రైవింగ్ లైసెన్సుతోపాటు తుపాకీ లైసెన్సు కూడా చూపాలంది. నార్త్ కరోలినా 1995 చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. అధికారి దగ్గరికి వచ్చినా, పలకరించినా సరే, లైసెన్సు ఉందనీ తుపాకీ వెంట ఉందనీ చెప్పాలి. మిషిగన్ చట్టం 2001 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆపిన వెంటనే చెప్పాలి, చెప్పకపోతే మొదటిసారికి 500 డాలర్ల జరిమానా, ఆరు నెలలు లైసెన్సు రద్దు. నెబ్రాస్కా పోలీసులకే కాదు, అంబులెన్సు సిబ్బంది లాంటి అత్యవసర సేవల వాళ్లకు కూడా చెప్పాలంది. 2003లో లైసెన్సు అవసరమే తీసేసిన అలాస్కా సైతం చెప్పే బాధ్యతను అట్టిపెట్టింది. మాట్లాడుతున్నంత సేపూ తుపాకీని తన దగ్గర ఉంచుకునే అధికారాన్ని పోలీసుకు ఇచ్చింది. దీనికి వ్యతిరేకంగా ఇల్లినాయ్, మిన్నెసోటా వంటి రాష్ట్రాలు, అధికారి అడిగితే నిజం చెప్పాలి, అడక్కపోతే అక్కర్లేదు అన్నాయి.

ఈ చట్టాలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు కొట్టొచ్చినట్టు కనబడేది ఒకటే. పౌరుడు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, చెప్పకపోతే ఎంత జరిమానా అన్నది అక్షరం అక్షరం రాశారు. విన్న అధికారి ఏం చేయాలన్న దగ్గరికి వచ్చేసరికి, తుపాకీ తీసుకోవచ్చు అన్న అధికారం తప్ప మరో మాట దాదాపు కనబడదు. వినడం ఆ అధికారి బాధ్యత అని రాయాలన్న ఆలోచన శాసనసభలకు తట్టలేదు.

ఒహాయోలో ఇది బాహాటంగా బయటపడింది. ఆ రాష్ట్రంలో దాచిన తుపాకీ మీద నిషేధం 2003 సెప్టెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా నిలిచింది. శాసనసభ మాత్రం లైసెన్సు బిల్లు తెచ్చింది. హైవే పెట్రోల్ అభ్యంతరాలు తీరేదాకా గవర్నర్ బాబ్ టాఫ్ట్ ఒప్పుకోలేదు. వాళ్లను ఒప్పించడానికి చేర్చిన షరతులతో 2004 జనవరి 8న సంతకం పడింది. ఆపగానే ‘ప్రాంప్ట్’గా చెప్పాలి, చెప్పకపోతే 180 రోజుల దాకా జైలు. ప్రాంప్ట్ అంటే ఎంత? తలుపు అద్దం దించేలోపా? అధికారి నోరు తెరిచేలోపా? అతను మాట్లాడుతుంటే అడ్డు తగిలి చెప్పాలా? చట్టంలో జవాబు లేదు.

2011 జూన్‌లో, అదే ఒహాయోలోని క్యాంటన్ నగరంలో తెల్లవారుజామున ఇద్దరు పోలీసులు ఒక కారు ఆపారు. వాళ్ల కారు డాష్‌బోర్డు కెమెరా అంతా రికార్డు చేసింది. పోలీసులు మొదట వెనక సీటులో ఉన్న మనిషిని ప్రశ్నించారు, సోదా చేశారు. డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. అతని దగ్గర లైసెన్సు ఉంది, తుపాకీ ఉంది. ఆ సంగతి చెప్పబోయాడు. నోరు మూసుకోమన్నారు. లైసెన్సు కార్డు చేతిలో పట్టుకునే ఉన్నాడు. చివరికి తుపాకీ సంగతి తెలిశాక ఒక అధికారి మండిపడి, నిన్ను అప్పుడే కాల్చేసి ఉండాల్సింది అన్న ధోరణిలో బెదిరించాడు. వెంటనే తెలియజేయలేదంటూ డ్రైవరు మీద కేసు పెట్టారు. ఆ వీడియో నెల తర్వాత బయటికి వచ్చి దేశమంతా చూసింది. కేసు కొట్టేశారు. అధికారి మీద నగరం క్రమశిక్షణ చర్య తీసుకుంది. ఆ వీడియో చూసినప్పుడు మనసు నలిగిపోతుంది. కార్డు పట్టుకున్న ఆ చెయ్యి అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

మన దేశంలో ఈ సమస్య ఈ రూపంలో లేదు. 1959 ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆయుధం వెంట ఉన్న మనిషిని పోలీసు లైసెన్సు చూపించమనవచ్చు. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు. ఎవరి దగ్గర తుపాకీ ఉందో స్టేషన్‌కు ముందే తెలుస్తుందన్న లెక్క మనది. తుపాకులు కోట్లలో ఉండి, ఏ ఊరి మనిషి ఏ రాష్ట్రం గుండా వెళ్తున్నాడో తెలియని అమెరికాలో ఆ లెక్క సాగదు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు ఇది దూరపు విషయం కాదు. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ కలిగి ఉండడమే ఫెడరల్ చట్టం నిషేధించింది. గ్రీన్‌కార్డు, పౌరసత్వం వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. అప్పుడు ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు ఇంట్లో కూడా ఈ ప్రశ్న అడుగుపెడుతుంది.

ఈలోగా చట్టాలు రెండు వైపులా జరగడం మొదలైంది. టెక్సాస్ 2009లో బాధ్యతను ఉంచుతూనే, చూపించకపోతే వేసే శిక్షను తీసేసింది. మెయిన్ రాష్ట్రం 2015లో లైసెన్సు లేకుండానే దాచుకోవచ్చంటూ, బాధ్యతను తలకిందులు చేసింది. లైసెన్సు లేనివాడు పోలీసు ఆపగానే చెప్పాలి. ఉన్నవాడు చెప్పనక్కర్లేదు. పూర్తి తనిఖీలు దాటొచ్చిన మనిషి మీద కాకుండా, ఎవరో తెలియని మనిషి మీద భారం పెట్టడంలో ఒక న్యాయం ఉందని నాకనిపిస్తుంది. 2024 నాటికి 29 రాష్ట్రాలు లైసెన్సు అవసరాన్ని ఎత్తేశాయి. లైసెన్సే లేనప్పుడు దానికి కట్టిన షరతు ఎక్కడ నిలుస్తుంది? ఒహాయో 2022లో ఆ తాడు తెంచింది. ఆ రాష్ట్ర పోలీసు సంఘం వద్దంటున్నా, గవర్నర్ మైక్ డివైన్ మార్చి 14న సంతకం పెట్టాడు. ‘ప్రాంప్ట్’ పోయింది. జూన్ 13 నుంచి అడిగితే చెప్పాలి, అంతే. సరిగ్గా పది రోజులకు, జూన్ 23న, సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు ఇచ్చి న్యూయార్క్ లాంటి రాష్ట్రాల ఇష్టానుసారపు లైసెన్సు పద్ధతిని కొట్టేసింది. దాంతో ఇన్నాళ్లూ లైసెన్సులు ఇవ్వకుండా బిగించి పట్టుకున్న న్యూజెర్సీ, ఆ డిసెంబరులో చేసిన కొత్త చట్టంలో, ఆపగానే చెప్పి లైసెన్సు చూపాలన్న నియమం పెట్టింది. మరుసటి ఏడాది హవాయి కూడా పెట్టింది. ఒకచోట వదిలేసిన మాటే ఇంకోచోట కొత్తగా పుట్టింది.

చెప్పడం వల్ల చెప్పినవాడికి దక్కేదేమిటన్న దాని మీద న్యాయస్థానాలు ఇచ్చిన జవాబు చల్లగా లేదు. 2017లో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు రాబిన్సన్ కేసులో, తుపాకీ చట్టబద్ధమైనదా కాదా అన్నదానితో నిమిత్తం లేకుండా, అది వెంట ఉండడమే ప్రమాదం అంది. చట్టప్రకారం ఆపిన మనిషి దగ్గర తుపాకీ ఉందని తెలిస్తే చాలు, తడిమి చూడవచ్చు. అంటే హక్కును వాడుకుంటున్నానని చెప్పిన నోటితోనే, నన్ను ప్రమాదకరమైనవాడిగా లెక్కేయండి అని చెప్పినట్టు అవుతోంది. జడ్జి పమేలా హారిస్ ఈ అభిప్రాయాన్ని తప్పుపడుతూ విడిగా రాసింది.

2016 జూలై 6, రాత్రి తొమ్మిది దాటింది. మిన్నెసోటాలో సెయింట్ పాల్ పక్కనున్న ఫాల్కన్ హైట్స్‌లో, లార్పెంటర్ అవెన్యూ మీద ఒక తెల్ల కారు వెళ్తోంది. నడుపుతున్నది ఫిలాండో కాస్టీల్, 32 ఏళ్లవాడు. సెయింట్ పాల్‌లోని ఒక మాంటిస్సోరి బడిలో పిల్లల భోజనశాల చూసుకునే ఉద్యోగం. అంతకు ముందు పదమూడేళ్లలో నలభైకి పైగా సార్లు ట్రాఫిక్ పోలీసులు ఆపిన నల్లజాతి యువకుడు. హెన్నెపిన్ కౌంటీ షెరిఫ్ కార్యాలయం 2015లో అతనికి తుపాకీ లైసెన్సు ఇచ్చింది. పక్క సీటులో స్నేహితురాలు, వెనక ఆమె నాలుగేళ్ల కూతురు. పోలీసు అధికారి జెరోనిమో యానెజ్, ఆ డ్రైవరు కొన్ని రోజుల కిందటి దోపిడీ నిందితుడిలా ఉన్నాడని రేడియోలో చెప్పి కారు ఆపాడు. కాస్టీల్‌తో మాత్రం బ్రేకు లైటు వెలగడం లేదన్నాడు. లైసెన్సు, బీమా కాగితం అడిగాడు. కాస్టీల్ బీమా కార్డు ఇచ్చాడు. తర్వాత, మర్యాదగా, సర్ అంటూ, తన దగ్గర తుపాకీ ఉందని చెప్పాల్సి ఉందన్నాడు. అయితే దాని జోలికి పోవద్దన్నాడు యానెజ్. తీయడం లేదని కాస్టీల్ చెప్పాడు, పక్కనున్న ఆమె కూడా చెప్పింది. యానెజ్ కేకలేసి, తన తుపాకీ తీసి ఏడు సార్లు కాల్చాడు. చెప్పిన మాటకూ కాల్పులకూ మధ్య గడిచింది కొన్ని సెకన్లే.

గుర్తింపు కార్డు కోసమే చెయ్యి కదిపాడని ఆమె చెప్పింది. తుపాకీ కోసం అనుకున్నానని యానెజ్ చెప్పాడు. అతని మీద మాన్‌స్లాటర్ అభియోగం మోపుతూ రామ్సీ కౌంటీ అటార్నీ జాన్ చోయ్, కాస్టీల్ నిక్కరు జేబులో దొరికిన పిస్తోలు మేగజీనులో తూటాలున్నాయనీ, పేలడానికి ఛాంబరులో ఒక్క తూటా కూడా ఎక్కించి లేదనీ చెప్పాడు. 2017 జూన్ 16న జ్యూరీ యానెజ్‌ను నిర్దోషి అంది. ఆ తర్వాత నాలుగు రోజులకు డాష్‌బోర్డు వీడియో ప్రజలకు విడుదల చేశారు.

మిన్నెసోటా చట్టం 2003 నుంచీ ఒకటే చెబుతోంది. అధికారి అడిగితే, తుపాకీ ఉందో లేదో చెప్పాలి. ఆ రాత్రి యానెజ్ అడగలేదు.